తొమ్మిది మంది నమిలిన బియ్యం

నైలాన్ దారం కండెలు రెండు ఎవరు తీశారో ఈ కథ అయిపోయేసరికి కూడా మీకు తెలియదు. ముందే చెప్పేయడం మర్యాద. నాకూ తెలియదు. ఉప్పుటేటిపాలెంలో తీసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అయినా ఎవరు తీశారన్న సంగతి మూడో రోజుకే వెనక్కి పోయింది. తీయనివాళ్ల గతి ఏమిటన్నదే మిగిలింది.

అది అరవై రెండో సంవత్సరం. మంగళవారం పొద్దున బడి వరండాలో ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని వల అల్లుతున్నారు. సముద్రానికీ బకింగ్‌హాం కాలవకూ మధ్య ఇసకలో ఉన్న ఆ పాలెంలో పెంకులు కప్పి, తలుపుకు తాళం వేసే కట్టడం బడి ఒక్కటే. అందుకే సర్కారు నుంచి కాలవ పడవలో వచ్చిన కొత్త దారాన్ని బడిలోనే, పలకలు పెట్టుకునే చెక్కపెట్టెలో దాచారు. నూలు వలలయితే పది పదిహేను రోజులకోసారి తుమ్మబెరడు కాచిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి, లేకపోతే కుళ్లిపోతాయి. ఈ దారం కుళ్లదట. నీళ్లలో చేపకు కనపడనే కనపడదట. వచ్చిన రోజు పాలెమంతా వరసకట్టి వచ్చి దాన్ని తాకి చూసి పోయింది.

నాగులమ్మ ఆ ఆరుగురిలో ఒకతె. ముప్పై ఏళ్లుంటాయి. చెక్కముక్క మీదుగా దారం తిప్పి, సూదిని కన్నులోంచి దూర్చి, ముడిని బొటనవేలితో నొక్కిపట్టి లాగుతుంది. నూలుకైతే ఒక్క ముడి చాలు. ఈ నైలాన్ జారుడుది, రెండుసార్లు వేసుకోవాలి. మిగతా అయిదుగురూ వారం రోజులుగా దాన్ని తిట్టుకుంటూ అల్లుతుంటే, నాగులమ్మ వేళ్లు రెండో రోజుకే దాని గుట్టు పట్టేశాయి. పక్కన కూర్చున్న అత్త ముసలమ్మకు అది గర్వంగానూ ఉంది, కడుపుమంటగానూ ఉంది.

కొత్త కండె కావాలని అడిగితే బడి అయివోరు పద్మనాభయ్య నడుముకు కట్టుకున్న తాళంచెవితో పెట్టె తెరిచాడు. తెరిచి, లెక్క చూశాడు. మళ్లీ చూశాడు. పలకలన్నీ బయటికి తీసి నేల మీద పేర్చి ఇంకోసారి చూశాడు.

"రెండు తక్కువున్నాయే," అన్నాడు.

సూదులన్నీ ఒక్కసారి ఆగాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నాగులమ్మకు మాత్రం తన చేతిలో ఉన్న దారం ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. నేను ముట్టుకోలేదు గదా, అనుకుంది. అనుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

పెద్దకాపు మాలకొండయ్యకు కబురు వెళ్లింది. పాలెంలో తగువులు తీర్చేదీ, వేట వాటాలు చెప్పేదీ, ఎవరినైనా పాలెం నుంచి వెలి వేసేదీ ఆయనే. అరవై ఏళ్లు దాటినా వెన్ను వంగలేదు. కేకలు వేసే మనిషి కాదు. అదే అందరికీ భయం. వచ్చి పెట్టె చూశాడు, తాళం చూశాడు. పెట్టె తెరిచిన రోజుల్లో బడిలోకి ఎవరెవరు వచ్చారని అడిగాడు. అల్లే ఆడవాళ్లు ఆరుగురు. పడవలోంచి మోసుకొచ్చిన చిన్నపోలయ్య, హజరత్తయ్య.

"ఎనిమిది మంది," అన్నాడు మాలకొండయ్య. "శుక్రవారం పొద్దున గంగమ్మ కాడ బియ్యం నములుదురు గాని."

అంతే. తుండుగుడ్డ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

బియ్యం అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. గంగమ్మ రాయి ముందు పసుపు కలిపిన బియ్యం మూడు వేళ్లకు వచ్చినన్ని నోట్లో వేసుకోవాలి. ముందు కర్పూరం బిళ్ల వెలిగిస్తారు. అది ఆరిపోయేదాకా నమలాలి. ఆరగానే బాదం ఆకులో ఉమ్మాలి. తడి ముద్దగా వస్తే మంచివాళ్లు. పొడి పిండిగా వస్తే దొంగ. తప్పు చేసినవాడికే భయం, భయం ఉన్నవాడికే నోరెండుతుంది, కాబట్టి నోరెండినవాడే తప్పు చేశాడు. పాలెంలో తాతల నాటి నుంచీ ఈ లెక్క తప్పిందన్నవాళ్లు లేరు. తప్పిందనడానికి ఎవరికీ నోరు రాలేదనడం ఇంకా సరైన మాట.

పిండి ఉమ్మిన పోలేరయ్య ఇప్పుడు కాలవ అవతల సరివి తోటల్లో కట్టెలు కొట్టి బతుకుతున్నాడు. మూడేళ్ల కింద ఒక ఇనప లంగరు పోయింది. బియ్యం నమిలారు. పోలేరయ్యది పిండి వచ్చింది. దురాయి వేశారు. దురాయి వేశాక ఆ ఇంటికి ఎవరూ నిప్పివ్వరు, బావిలో చేద వేయనివ్వరు, వేటలో వాటా పెట్టరు. ఆరు నెలలు గడిచాక పెద్ద పాటుకు సముద్రం వెనక్కి తీసినప్పుడు ఆ లంగరు ఒడ్డు ఇసకలోనే బయటపడింది. అప్పుడైనా తప్పయిపోయిందన్నారా? అనలేదు. "చూసినారా, భయపడి పూడ్చిపెట్టినాడు," అన్నాడు మాలకొండయ్య. అందరూ తలూపారు. నాగులమ్మ కూడా ఊపింది. పోలేరయ్య తెప్ప ఒడ్డున బోర్లా పడి ఉంది ఇప్పటికీ. దాని మీద వలలు ఆరేయడానికి కూడా ఎవరూ ఒప్పుకోరు.

ఆ మధ్యాహ్నం నాగులమ్మ బావి నుంచి నీళ్లు తెస్తూ ఆ తెప్ప పక్కనుంచి రావలసి వచ్చింది. రోజూ వచ్చే దారే. ఆ రోజు మాత్రం చుట్టు తిరిగి వచ్చింది.

*

పద్మనాభయ్య నెల్లూరికి పడమట వరి పండే ఊళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మాట్లాడితే గొంతులో ముడి కిందికీ పైకీ ఆడుతుంది. పాలెం వచ్చి రెండేళ్లయింది. అతనికి ఒక పాడలవాటుంది: ఎవరైనా ఏదైనా ఖాయంగా చెబితే నిజమో కాదో చూస్తే గాని ఊరుకోడు. పిల్లి ఎదురొస్తే వేట దొరకదన్నారని నెలరోజులు బడి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టి, పిల్లి ఎదురొచ్చిన రోజుల్లోనే రెండు బుట్టలు ఎక్కువ పడ్డాయని చెప్పాడు. ఆ పిల్లిని ఎవరూ తరమకుండా ఉన్నారు అప్పటి నుంచి. అతన్ని చూసి నవ్వుకుంటారు, అతనితో కలిసీ నవ్వుకుంటారు.

బుధవారం సాయంత్రం ఎండ తగ్గాక అతను బడి ముందు నలుగురు మగవాళ్లను కూర్చోబెట్టాడు. వాళ్లలో చిన్నపోలయ్య ఒకడు. తుపానులో తెప్ప మీద మూడు రోజులు ఉండి బతికొచ్చిన మనిషి, ఆ సంగతి రోజుకోసారి చెప్పే మనిషి. జనం చుట్టూ మూగారు. మాలకొండయ్య కూడా వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. నాగులమ్మ ఆడవాళ్ల వెనక నిలబడింది.

"ముందు ఊరికే నమలండి," అన్నాడు పద్మనాభయ్య, తలా చిటికెడు బియ్యం ఇచ్చి.

నలుగురూ నమిలి ఉమ్మారు. నలుగురివీ తడి ముద్దలే.

"వీళ్లు దొంగలు కాదు. గుర్తు పెట్టుకోండి." అతను లోపలికి పోయి, మూత మీద రాయి పెట్టిన ఈతబుట్ట తెచ్చి వాళ్ల మధ్య పెట్టాడు. "సరివి తోటలో దొరికింది. కట్లపాము. ఇప్పుడు మళ్లీ నమలండి. నమిలినాక ఒక్కొక్కరు మూత తీసి చెయ్యి పెట్టాల. కదిలించకుంటే ఏమీ అనదులే."

చిన్నపోలయ్య నవ్వాడు. బియ్యం నోట్లో వేసుకున్నాడు. దవడ రెండుసార్లు ఆడి ఆగింది, మళ్లీ ఆడింది. చూపు మాత్రం బుట్ట మీద నుంచి కదల్లేదు. పద్మనాభయ్య కాలి బొటనవేలితో బుట్టను రవ్వంత కదిపాడు. చిన్నపోలయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే మూరెడు వెనక్కి జరిగాడు.

ఉమ్మారు. నలుగురివీ పొడి పిండి. చిన్నపోలయ్యదయితే గాలికి కొంత ఎగిరిపోయింది కూడా.

పద్మనాభయ్య మూత తీసి బుట్టను బోర్లించాడు. అతని పాత చెప్పు ఒకటి పడింది.

పాలెమంతా పగలబడి నవ్వింది. నాగులమ్మ కూడా నవ్వింది. రెండు రోజుల తర్వాత ఛాతీలోకి గాలి నిండుగా పోయినట్టయింది. అయివోరు చెప్పింది ఆమెకు అర్థమయింది: మన దవడల కింద చిన్న చిన్న ఊటలుంటాయి, భయమేస్తే అవి మూసుకుంటాయి, ఆ భయం ఎందుకు వచ్చిందో వాటికి తెలియదు. దొంగకూ మూసుకుంటాయి, దొర దగ్గర నిలబడినవాడికీ మూసుకుంటాయి. ఇంత చిన్న సంగతి. ఇంక శుక్రవారం ఉండదు.

మాలకొండయ్య నవ్వలేదు. అందరూ నవ్వడం అయిపోయేదాకా ఆగాడు.

"బాగా చూపిచ్చినారయ్యా," అన్నాడు. "పాముకి ఎవురైనా భయపడతారు. గంగమ్మకి దొంగ ఒకడే భయపడతాడు."

జనం సద్దుమణిగారు. ఒకరిద్దరు తలూపారు. తర్వాత ఇంకొంతమంది. నాగులమ్మ ఆ తలలు ఊగడం వెనక నుంచి చూసింది. మూడేళ్ల కింద తన తల కూడా ఇట్లాగే ఊగి ఉంటుందని తోచింది.

"గంగమ్మకు కాదు మాలకొండయ్యా, వాళ్లు మీకు భయపడేది," అన్నాడు పద్మనాభయ్య.

"నేనేమన్నా కరస్తానా? తప్పు లేనోడికి నన్ను చూస్తే భయమెందుకు? తాళంచెవి మీకాడే ఉండె గదా, మీకు భయమా?"

"నాకెందుకు?"

"అయితే మీరూ నమలండి. తొమ్మిది మంది అవతారు."

"ఓ, నములుతా," అన్నాడు పద్మనాభయ్య నవ్వుతూ.

*

గురువారం పొద్దున అత్త కాలవ ఒడ్డుకు పోయాక నాగులమ్మ తలుపు దగ్గరగా వేసి, కుండలోంచి చిటికెడు బియ్యం తీసి నోట్లో వేసుకుంది. కర్పూరం లేదు. వంద లెక్కపెట్టుకుంది. అరచేతిలో ఉమ్మి చూస్తే తెల్లటి పిండి, ముక్కలు ముక్కలుగా.

ఇంట్లో ఎవరూ లేరు. గంగమ్మ లేదు, మాలకొండయ్య లేడు. అయినా పిండే.

చెంబెడు నీళ్లు తాగి మళ్లీ నమిలింది. ఈసారి మొదటి నాలుగు నములుళ్లు బాగానే ఉన్నాయి. తడి తగులుతోంది, తగులుతోంది అనుకునే లోపలే ఇప్పుడు ఆగిపోతే ఎట్లా అనిపించింది. అంతే, ఆగిపోయింది. మూడోసారి నమిలింది. నాలుగోసారి నమిలింది. పొయ్యి పక్కన ఆకులో నాలుగు పిండి కుప్పలు, వరసగా. ఆమెకు ఏడుపొచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి గాని నోట్లో లేవు. అది గమనించి తన మీద తనకే ఒళ్లు మండింది.

భర్త గంగులయ్య రొయ్యల కోసం పులికాట్ వెళ్లి నెల దాటింది. అమావాస్య పోయాక వస్తాడు. వచ్చేసరికి ఇల్లు ఎక్కడుంటుంది? కాలవ అవతలా? దురాయి వేస్తే అతని తెప్పను నీళ్లలోకి తొయ్యడానికి ఒక్క చెయ్యి సాయం రాదు. ఒంటరిగా తెప్ప అల దాటదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. గుర్తు రాకుండా మూడేళ్లుగా తోసిపెట్టింది. పోలేరయ్య భార్య ఆదిశేషమ్మ ఒక పొద్దున కుండపెంకు పట్టుకుని ఈ తలుపు ముందే నిలబడింది. "రెండు నిప్పులు పెట్టవే నాగులూ, బిడ్డకి గంజి కాచుకుంటా," అంది. నాగులమ్మ తలుపు వేసేసింది. ఆ రోజు లోపల పొయ్యి మండుతూనే ఉంది.

"ఏందిమే ఇది?"

అత్త వాకిట్లో నిలబడి ఉంది. ముసలమ్మ చూపు కోడలి మొహం మీద నుంచి ఆకులోని నాలుగు కుప్పల మీదికి దిగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"ఊరికే, చూస్తాండా అత్తా."

"చెయ్యని తప్పుకి ఇంత చూసుకోవాల్నా?"

"నీకు భయం లేదా?"

"నాకెందుకే భయం? నేనేమన్నా తీసినానా?" ముసలమ్మ బుట్ట దించి, గొంతు తగ్గించింది. "నాగులూ, నువ్వు గాని తీసుంటే ఇప్పుడే చెప్పు. నేను పోయి ఇసకలో పడేసి వస్తా. ఎవురికీ చెప్పను. గంగులయ్యకి కూడా చెప్పను."

పదేళ్లుగా ఒకే పొయ్యి ముందు కూర్చున్న మనిషి. ఎవరు ఏమనుకున్నా అత్త అనుకోదని ఎక్కడో ధైర్యం ఉండేది. ఆ ధైర్యం ఉందని అది పోయాకే తెలిసింది.

"నేను తియ్యలేదు," అంది.

"అయితే సరే," అంది ముసలమ్మ. ఆ సరే లోపల ఏముందో ఆమె మొహం చెప్పలేదు. ఆకును మడిచి పొయ్యిలో పెట్టేసింది. బియ్యప్పిండి చిటపటమంటూ మాడింది.

సాయంత్రం వరండాలో అల్లిక ముగించి అందరూ లేచారు. నాగులమ్మ కావాలనే సూదిలో దారం చిక్కు పడేసుకుని వెనక మిగిలింది. పద్మనాభయ్య బడి తాళం వేస్తున్నాడు.

"అయివోరూ, నాకు ఇంట్లో కూడా పిండే వస్తాంది."

అతను వెంటనే నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. లోపలికి పోయి చింతపండు తెచ్చాడు. పిక్క తీసి, పీచు తీసి, శనగగింజంత ఉండ చేసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"దవడ పక్కన పెట్టు. నమలొద్దు. బియ్యం అవతలి పక్కన నములు."

ఆమె అట్లాగే చేసింది. పులుపు తగలగానే దవడ కింద జివ్వుమంది. నోరు నిండిపోయింది. బియ్యం తడి ముద్దయి ఆకులో పడింది. నాగులమ్మ దాన్ని వేలితో తాకి చూసింది, నిజమా కాదా అని.

"పులుపు తగిలితే ఊట ఊరాల్సిందే. ఎవరి భయమూ దాన్ని ఆపలేదు," అన్నాడతను.

"గంగమ్మకి తెలీదా?"

"దొంగెవరో గంగమ్మకు మంగళవారమే తెలుసు. ఇది ఆమె కోసం కాదు, మాలకొండయ్య కోసం."

ఆమె చింతపండు ఉండను కొంగు చివర ముడి వేసుకుంది. నైలాన్‌కు వేసినట్టు రెండుసార్లు వేసింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మరి మీకో?"

"నాకా?" అతనికి నిజంగానే నవ్వొచ్చింది. "నాకు ఇందులో ఏం జరుగుతుందో మొత్తం తెలుసు గదా నాగులమ్మా. తెలిసినవాడికి భయమేంది?"

*

శుక్రవారం పొద్దున వేటకు ఎవరూ పోలేదు. తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయి. గంగమ్మ రాయి ఉన్న చోట ఇసక చదును చేసి నీళ్లు చల్లారు. పాలెమంతా చుట్టూ నిలబడింది. చిన్న పిల్లలు కూడా మాట్లాడడం లేదు. గాలి మాత్రం సముద్రం మీద నుంచి వస్తోంది, చెప్పిన మాట విననిది అదొక్కటే గనక. కర్పూరం ఆరిపోకుండా మాలకొండయ్య తన తుండుగుడ్డ అడ్డం పట్టుకున్నాడు.

తొమ్మిది మంది వరసగా కూర్చున్నారు. ముందు హజరత్తయ్య, తర్వాత చిన్నపోలయ్య. ఆ తర్వాత ఆడవాళ్లు. చివర పద్మనాభయ్య, ఉతికిన చొక్కా వేసుకుని. నాగులమ్మ ఏడోది. ఆరోది ముసలమ్మ, ఆమె పక్కనే. నాగులమ్మ రాకముందే చింతపండు దవడలో పెట్టుకుంది. ఎవరైనా పలకరిస్తే ఎట్లా అని దారంతా తల దించుకునే నడిచింది.

ఒక్కొక్కరికీ ఒక్కో కర్పూరం బిళ్ల. హజరత్తయ్యది ముద్ద. చిన్నపోలయ్యది ముద్ద. ప్రతిసారీ మాలకొండయ్య ఆకు మీదికి వంగి, వేలితో అదిమి చూసి, చెయ్యి ఊపి పక్కకు పంపేవాడు. అల్లే ఆడవాళ్లలో కామాక్షమ్మది ముద్దే గాని కాస్త పొడి కలిసి ఉంది. ఆయన వేలు అక్కడ రెండోసారి అదిమింది. ఆ రెండోసారి అదమడానికి పట్టిన కాలంలో కామాక్షమ్మ పెదవులు తెల్లబడ్డాయి. తర్వాత చెయ్యి ఊపాడు.

ముసలమ్మ నమిలింది. కొండలాగా కూర్చుని, కళ్లు మూసుకుని. తడి ముద్ద. తీయనివాళ్లకు ఇంత నిమ్మళంగా ఉంటుందా, అనుకుంది నాగులమ్మ. మరి నాకెందుకు లేదు?

బియ్యం నోట్లో పడ్డాయి. కర్పూరం అంటుకుంది. ఆమె దవడ వైపే చూస్తున్నాయి అన్ని కళ్లూ. ఒకపక్క పులుపు, ఒకపక్క బియ్యం. మొదట ఏమీ రాలేదు. నాలుకతో ఉండను నొక్కింది. జివ్వుమంది. వచ్చింది. కర్పూరం ఆరింది. ఆకులో ఉమ్మింది. మాలకొండయ్య అదిమి చూసి చెయ్యి ఊపాడు.

ఆమె చేతులు ఇసకలో ఆనించి లేచి, అత్త పక్కన నిలబడింది. ముసలమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో నిన్నటి అనుమానం లేదు. బతికాను, అనుకుంది నాగులమ్మ. మిగతా ఏదీ ఆమెకు పట్టలేదు. ఎనిమిదో మనిషి నమిలిందీ, లేచిందీ కూడా చూడలేదు.

పద్మనాభయ్య బియ్యం నోట్లో వేసుకుంటూ జనం వైపు చూసి కన్ను గీటాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మాలకొండయ్య కర్పూరం వెలిగించి తుండుగుడ్డ అడ్డం పెట్టాడు.

అతను నమలసాగాడు. బాగానే నమిలాడు. మధ్యలో ఒకసారి దవడ ఆగింది. మళ్లీ ఆడింది. గొంతులో ముడి పైకి పోయి అక్కడే నిలిచింది. నాగులమ్మకు అప్పుడు కనపడింది: అతని చూపు మారిపోయింది. చిన్నపోలయ్య బుట్టను చూసిన చూపు. ఇక్కడ బుట్ట లేదు, ఎదురుగా నూటయాభై మంది మనుషులున్నారు. అందులో అతని మనిషి ఒక్కడు లేడు.

కర్పూరం ఆరింది. అతను ఆకు మీదికి వంగాడు. మొదటిసారి ఏమీ రాలేదు. వేలితో తీసుకోవలసి వచ్చింది. పొడి పిండి, పసుపు రంగులో.

అలలు వినపడుతున్నాయి.

"ఇది... చెప్పినాను గదా, ఊటలు..." అన్నాడు పద్మనాభయ్య. దగ్గాడు. బియ్యప్పిండి పెదవుల మీద అంటుకుని ఉంది. "నాకు తెలుసు. ఇది ఎందుకు జరుగుతుందో నాకు..."

మొన్న అతనితో కలిసి నవ్వినవాళ్లలో ఎవరో ఇప్పుడు అతన్ని చూసి నవ్వారు. ఆ నవ్వు ఇంకో ఇద్దరికి పాకింది.

మాలకొండయ్య నిటారుగా లేచాడు. కోపం లేదు మొహంలో. "తాళంచెవి ఇవ్వండి అయివోరూ," అన్నాడు. "పడవ పొద్దు గూకేలోపల వస్తాది. మీ పైవోళ్లకి మేం చెప్పుకుంటాం. మీ బళ్లో మా బిడ్డలు కూర్చోరు."

పద్మనాభయ్య నడుము తడుముకున్నాడు. వేళ్లకు ముడి ఊడి రాలేదు. రెండు చేతులతో లాగుతున్నాడు. పొడుగాటి మనిషి అందరి ముందూ వంగి, పంచె అంచు పట్టుకుని లాగుతూ నిలబడ్డాడు. నాగులమ్మకు దాన్ని చూడడం కష్టమైంది. నాకేం కాలేదు గదా, అని మనసుకు చెప్పుకుంది. రేపు గంగులయ్య వస్తే ఇల్లు ఇక్కడే ఉంటుంది. తలుపు వేసుకుంటే చాలు. తలుపు అన్న మాట దగ్గర ఆమె ఆలోచన ఆగింది. కుండపెంకు పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్లకు కట్టింది.

దవడలో ఉండ ఇంకా ఉంది. ఇంకా పుల్లగానే ఉంది. మింగేయొచ్చు. ఒక్క గుటక.

ఆమె వేలు నోట్లో పెట్టి దాన్ని తీసింది. ముందుకు నడిచి, తన ముద్ద ఉన్న ఆకు పక్కన పెట్టింది.

"మామా, నాది కూడా పిండే," అంది. "చింతపండు పెట్టుకున్నా. మూడు రోజుల నుంచి నాకు నోరెండిపోతాంది. నేను తియ్యలేదు. తియ్యకపోయినా ఎండతాంది. అయివోరికి కూడా అంతే. నాకు భయం మామా. నువ్వంటే భయం."

మాలకొండయ్య ఆ నల్లటి ఉండను చూశాడు. ఆమెను చూశాడు. ఏమంటాడో అని పాలెం ఎదురు చూసింది. అయిపోయింది, అనుకుంది నాగులమ్మ. కాలవ అవతల ఏ చెట్టు పక్కన గుడిసె వేసుకోవచ్చో కూడా ఒక్క క్షణం ఆమె బుర్రలో మెదిలింది.

వెనక ముసలమ్మ గొణుగుతూ కదిలింది. వచ్చి కోడలి పక్కన నిలబడి, నోట్లో వేలు పెట్టి, దవడ లోపల నుంచి నిమ్మకాయ తొక్క ఒకటి తీసి ఆకులో పడేసింది.

"ఈ వయసులో నన్ను కాలవ దాటిస్తావని నాకూ భయమేలే మాలకొండా," అంది.

చిన్నపోలయ్య ఇసక వైపు చూస్తున్నాడు. అతని గొంతు ఒక్కసారి గట్టిగా కదిలింది, ఏదో మింగినట్టు. హజరత్తయ్య తుండుగుడ్డతో నోరు తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. కామాక్షమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

మాలకొండయ్య తొమ్మిది మందినీ వరసగా చూశాడు. "ఇంకెవురు?" అనలేదు. అడగాల్సిన అవసరం కనపడలేదు కాబోలు. ఆయన మెల్లగా పసుపు బియ్యం పళ్లెం ముందు కూర్చున్నాడు. మూడు వేళ్లతో బియ్యం తీసి తన నోట్లో వేసుకున్నాడు.

ముసలమ్మ కర్పూరం వెలిగించింది.

ముప్పై ఏళ్లుగా ఆ తుండుగుడ్డ అడ్డం పట్టింది ఆయన. ఆయన నమలడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు పాలెమంతా ఆ దవడ వైపే చూసింది. ఆడవాళ్లు, మగవాళ్లు, తల్లుల చంకల్లోంచి పిల్లలు. దవడ ఆడుతోంది. కాసేపటికి కణతల దగ్గర నరం లేచింది. ఆయన కళ్లు ఎవరి కళ్లనూ కలవడం లేదు. నాగులమ్మకు ఆ చూపు తెలుసు. పొయ్యి పక్కన కూర్చుని వంద లెక్కపెట్టిన చూపు అది.

కర్పూరం ఆరిపోయింది. ముసలమ్మ బాదం ఆకు ముందుకు జరిపింది. ఆయన ఉమ్మలేదు. మింగబోయాడు. పోలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మెడ ముందుకు సాగింది. చెయ్యి చాపాడు.

"నీళ్లు," అన్నాడు. ఆ మాటతో పాటు పెదవుల మీద నుంచి పసుపుపచ్చని పొడి రాలింది.

నాగులమ్మ చెంబు అందించింది. ఆయన సగం చెంబు తాగి, మూతి తుడుచుకుని, చెంబు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. పద్మనాభయ్య తాళంచెవి చేత్తో పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. మాలకొండయ్య దాన్ని తీసుకోలేదు. ఆయన ఒడ్డు వైపు చూస్తున్నాడు, తెప్పలు పెట్టే చోటుకి, అన్నిటికీ దూరంగా బోర్లా పడి ఉన్న దాని వైపు.

"పోలేరయ్య తెప్ప ఇంకా పనికొస్తాదా?" అని అడిగాడు.

చివరికి చిన్నపోలయ్య గొంతు సవరించుకున్నాడు.

"దుంగలు బాగానే ఉండాయి మామా," అన్నాడు. "తాళ్లే మార్చాల."